కృష్ణుడు ఒక్కడే ఉండాలని ఎవరన్నారు?

ప్రశ్న: హైదరాబాద్‌లో మా కాలనీ వాళ్లం కొందరం కలిసి ఓ కళా సమితి పెట్టుకున్నాం. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, రిటైరైనవాళ్లు, ఇద్దరు ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు ఉన్నారు. పండగలకు హాస్య నాటికలు వేసేవాళ్లం. ఈసారి తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ నుంచి రాయబారం వేద్దామని రిహార్సల్స్ మొదలుపెట్టాం. నెల తిరక్కుండానే గొడవలు. మా అధ్యక్షులవారికి అరవై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో పద్యాలు నేర్చుకున్నారు. హాలు ఖర్చంతా ఆయనదే, కృష్ణుడి వేషం కూడా తనదే అంటారు. పై స్థాయికి వెళ్లేసరికి గొంతు జీరబోతోంది, అయినా ఒక్కో పద్యానికి ఐదారు నిమిషాలు రాగం తీస్తున్నారు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఒకమ్మాయి చాలా బాగా పాడుతుంది. ఆమెకు ద్రౌపది ఇచ్చాం. తనకు కృష్ణుడు కావాలంటోంది. ‘ఆడపిల్ల కృష్ణుడేమిటి’ అని అధ్యక్షులవారు. హార్మోనియం పెడితే జనం లేచిపోతారు, కీబోర్డు ట్రాక్ పెడదామని కుర్రాళ్లు. దర్శకత్వం నా నెత్తిన పడింది. ఎవరికీ ఏమీ చెప్పలేక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అనుమతులు ఎవరి దగ్గర తీసుకోవాలో కూడా తెలియదు. ఇదంతా మానేసి మళ్లీ నాటికే వేసుకోమంటారా?
— ఒక కార్యదర్శి

సమాధానం: మానకండి. నాటికలు వేసేవాళ్లు ఊరికి పది మంది ఉన్నారు. రాయబారం వేద్దామని కూర్చున్న కాలనీ నాకు తెలిసి మీదే. మీరు మూడు గొడవలు రాశారు గానీ, నాకు ఒకటే కనిపిస్తోంది. పద్యం అంటే ఏమిటో మీ సమితిలో ఇంకా తేల్చుకోలేదు. అధ్యక్షులవారికి అది రాగం. ఆ అమ్మాయికి సంగీతం. కుర్రాళ్లకు అది పాత వ్యవహారం, పైన కొంచెం మసాలా చల్లితే గాని చెల్లదు. ముగ్గురికీ మీరు చెప్పాల్సింది ఒక్కటే. నాటకంలో పద్యం అంటే మాట. ఎదురుగా నిలబడ్డ మనిషితో ఇంకో మనిషి అంటున్న మాట. ఇది దర్శకుడి నోటి నుంచి గట్టిగా రావాలి, ఇంతవరకు వచ్చినట్టు లేదు.

పడక సీనునే తీసుకోండి. ద్వారకలో కృష్ణుడు నిద్రపోతున్నట్టు నటిస్తుంటాడు. తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. లేచాక దుర్యోధనుడితో అనే పద్యం తెలుగువాళ్లలో సగం మందికి నోటికి వచ్చు: ‘బావా, ఎప్పుడు వచ్చితీవు’. ఆ పద్యమంతా కుశల ప్రశ్నలే. తమ్ముళ్లు బాగున్నారా, పిల్లలు బాగున్నారా, కర్ణుడు బాగున్నాడా, భీష్ముడు, ద్రోణుడు? ఇంటికొచ్చిన బావను గుమ్మంలో నిలబెట్టి అడిగే మాటలు. లోపల మాత్రం, వీడు ఎందుకొచ్చాడో తెలిసిన కృష్ణుడి కొంటెతనం. ‘వచ్చితీవు’ దగ్గర ఆగి మూడు నిమిషాలు రాగం తీస్తే ఆ ప్రశ్న ఏమైపోయింది? దుర్యోధనుడు వేషం కట్టుకుని అన్నిసేపు ఏం చేయాలి? కిరీటం సర్దుకోవాలా?

ఇంకో సంగతి. ఆ పద్యంలో మూడో పాదం ‘ద్రోణాది భూ’ అని ముగుస్తుంది. నాలుగో పాదం ‘దేవుల్’ అని మొదలవుతుంది. ‘భూదేవుల్’ అన్న ఒక్క మాట రెండు పాదాల్లో పడింది. పాదం చివర ఊపిరి పీల్చుకోవడం, అక్కడే రాగం ఎత్తుకోవడం అలవాటైన వాళ్లు ‘భూ’ అని సాగదీస్తారు. వినేవాడికి అక్కడ అర్థం కాకపోగా ఒక్కోసారి నవ్వు వస్తుంది. మీవాళ్ల చేత ఈ ఒక్క చోటు పాడించి చూడండి, ఎవరు అర్థం తెలిసి పాడుతున్నారో అప్పుడే తేలిపోతుంది.

కాబట్టి వచ్చే వారం రోజులు హార్మోనియం పెట్టె తెరవకండి. అందరి చేతా పద్యాలను వచనంలా చెప్పించండి. ముందు పదవిభాగం, తర్వాత అన్వయం అంటే ఆ మాటలను మామూలు వాక్యంలా కూర్చుకోవడం, తర్వాత ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ మామూలుగా మాట్లాడటం. ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బరువు వేయాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోమనండి. పద్యానికి తాళం లేదు కదా, అందుకే ఎంతైనా సాగుతుంది. ఆ స్వేచ్ఛ మీద పగ్గం పాత్రధారి చేతిలో ఉండకూడదు, దర్శకుడి చేతిలో ఉండాలి. నేనైతే ఒక నియమం పెడతాను. వాక్యం మధ్యలో రాగం లేదు. వాక్యం పూర్తయ్యాక, భావం నిలబడాల్సిన చోట, ఒక్క ఊపిరికి సరిపడా తీసుకోవచ్చు. మీ కుర్రాళ్లకు ఘంటసాల పద్యాలు వినిపించండి. ఎంత తక్కువ రాగంతో, ప్రతి అక్షరం ఎంత విడివిడిగా వినిపిస్తుందో వాళ్లే చెబుతారు. స్టేజి మీద పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడిని చూసినవాళ్లు ఇవాళ్టికీ తలుచుకునేది రాగం పొడవును కాదు, ఆయన మాట విరుపును.

లెక్క కూడా వేసి చూపించండి. పాతిక పద్యాలు పెట్టుకున్నారనుకుందాం. పద్యానికి ఆరు నిమిషాలైతే పద్యాలకే రెండున్నర గంటలు. రెండు నిమిషాల్లో ముగిస్తే యాభై నిమిషాలు. కాగితం మీద అంకెలు చూస్తే వాదన తగ్గుతుంది. ముఖ్యంగా రిటైర్డ్ వాళ్లతో.

అధ్యక్షులవారి తప్పు మాత్రం లేదండీ. ఆయన విన్నది అలాగే విన్నారు. మైకులు లేని రోజుల్లో చివరి వరసలో నేల మీద కూర్చున్న వాడికి వినపడాలంటే ఎత్తు శ్రుతిలో, గొంతెత్తి పాడాలి. రాత్రంతా నాటకం, తెల్లవారే దాకా బస్సు లేదు, తొందరేముంది? దానికి తోడు కాంట్రాక్టరు నటులను కుదిర్చి వేయించే కాంట్రాక్టు నాటకాల్లో ఒక్కో పాత్రకు ఇద్దరు ముగ్గురు పేరున్న నటులు, పోటీలు, వన్స్‌మోర్లు. నువ్వు అంత తీస్తే నేను ఇంత తీస్తానన్న పంతాలు. అవన్నీ చూసి పెరిగిన మనిషికి రాగం తగ్గించమంటే పద్యాన్ని అవమానించినట్టే అనిపిస్తుంది. ఆ మాట ఆయనతో వాదించకండి, శ్రుతి గురించి మాట్లాడండి.

అసలు మందు అక్కడే ఉంది. ఆయన ఇప్పుడు ఏ శ్రుతిలో, అంటే ‘స’ను ఎంత ఎత్తులో పెట్టుకుని పాడుతున్నారో కనుక్కోండి. ఒకటి, ఒకటిన్నర, రెండు అనేవి హార్మోనియం మెట్ల లెక్క, అంకె పెరిగిన కొద్దీ శ్రుతి ఎత్తు. చిన్నప్పుడు గురువు దగ్గర నేర్చుకున్న నాలుగో, నాలుగున్నరో పట్టుకుని వేలాడుతూ ఉండొచ్చు. అరవై ఎనిమిదేళ్ల గొంతు పై షడ్జమం, అంటే పై ‘స’ దగ్గర జీరబోక ఏం చేస్తుంది? ఒకటిన్నరకు దించండి. కచేరీల్లో మగవాళ్లు చాలామంది పాడేది ఆ చుట్టుపక్కలే. ఇప్పుడు మైకు ఉంది, గొంతు చించుకోవాల్సిన పని లేదు. ఇది అందరి ముందు చెప్పొద్దు. హార్మోనిస్టును తీసుకుని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి, కాఫీ తాగండి, ‘ఒక్కసారి ఒకటిన్నరలో చూద్దాం సార్’ అనండి. కింది స్థాయిలో ఆయన గొంతు నిండుగా పలికితే ఆయనకే తెలుస్తుంది, మీరు వేరే చెప్పక్కర్లేదు.

ఇక కృష్ణుడు ఎవరన్న పేచీ. మన పద్యనాటకం దీనికి ఎప్పుడో దారి వేసింది. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రాల మీదే వేసేవాళ్లు. పడక సీనుకు ఒకరు, రాయబారం సీనుకు ఇంకొకరు. జనం కూడా ఏమీ అనుకునేవాళ్లు కాదు, పైగా ఇద్దరినీ పోల్చుకోవడంలో వాళ్లకు అదో సరదా. మీరూ అదే చేయండి. పడక సీను అధ్యక్షులవారికి ఇవ్వండి. మంచం మీద పడుకుని లేచే కృష్ణుడు, చమత్కారం ఎక్కువ, గొంతు శ్రమ తక్కువ. ఆ వయసు మనిషి ముఖంలో ఆ గడుసుదనం ఇంకా బాగా పండుతుంది. కౌరవ సభలో కృష్ణుడు ఆ అమ్మాయికి ఇవ్వండి. అక్కడ కోపం కావాలి, దమ్ము కావాలి, ‘జెండాపై కపిరాజు’ లాంటి పద్యాలు ఊపిరి తీసేస్తాయి.

‘ఆడపిల్ల కృష్ణుడేమిటి’ అంటే ఏం చెప్పాలి? స్థానం నరసింహారావు గారు సత్యభామగా నడిచి వస్తుంటే ఆంధ్రదేశం కళ్లప్పగించి చూసింది, అప్పుడు ‘మగవాడు సత్యభామేమిటి’ అని ఎవరూ అనలేదు కదా అనండి. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చింది కూడా ఆ నటనను చూసే. ఇంత చెప్పినా ముఖం చిట్లిస్తే ఇంకో మాట. ఒకటో కృష్ణుడు హోదా ఆయనదే, కరపత్రం మీద పేరు ముందు ఆయనదే. పెద్దమనుషుల దగ్గర ఈ ‘ఒకటో’ అన్న ముక్క చాలా పని చేస్తుంది. హాలు డబ్బులు ఆయనవి కాబట్టి వేషం ఆయనదే అన్న లెక్కను మాత్రం ఒప్పుకోకండి. ఒకసారి ఒప్పుకుంటే వచ్చే ఏడు డ్రెస్సుల డబ్బు ఇచ్చినవాడు దుర్యోధనుడు అవుతాడు.

ఆ అమ్మాయికి కూడా మీరు చెప్పాల్సింది ఉంది. బాగా పాడటం వేరు, పద్యం చెప్పడం వేరు. కచేరీ అలవాటున్నవాళ్లు ప్రతి అక్షరం మీదా గమకం వేస్తారు, అంటే స్వరాన్ని ఊపుతారు, కళ్లు మూసుకుంటారు, చేత్తో తొడ మీద తాళం వేయబోతారు. సభలో కృష్ణుడు కళ్లు మూసుకుంటే దుర్యోధనుడు భయపడేదేముంది? ఆమెకు రాగాలు నేర్పక్కర్లేదు, అవి తగ్గించుకోవడం నేర్పాలి. నిలబడటం, నడవటం, మాటను విసరటం మీద పని చేయించండి. ఆమె రెండో కృష్ణుడైతే ద్రౌపది ఖాళీ అవుతుంది. ఆ వేషానికి పాట రాని మనిషైనా ఫర్వాలేదు, బాగా నటించగలిగితే చాలు. రాయబారానికి బయలుదేరే కృష్ణుడికి ద్రౌపది తన గోడు చెప్పుకునే ఘట్టాన్ని ఎక్కువగా వచనంలో నడిపించండి. ఒక్క పద్యం ఉంచుకుని, దాన్ని కూడా దాదాపు మాటల్లాగే చెప్పించండి. అన్ని పద్యాల మధ్య ఆ వచనమే గుండెకు తగలొచ్చు.

సభ సీనులో ఒక చిక్కు వస్తుంది, ముందే చూసుకోండి. దుర్యోధనుడు మగ గొంతు, కృష్ణుడు ఆడ గొంతు, పద్యానికి పద్యం జవాబు. మగవాళ్లు ఒకటిన్నర, రెండులో పాడితే ఆడవాళ్లు సాధారణంగా ఐదున్నర, ఆరులో పాడతారు. ప్రతి పద్యానికీ శ్రుతి మారుతుంటే వినేవాళ్లకు గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు ఉంటుంది. దీనికి కిటుకు ఉంది. దుర్యోధనుడిది ఒకటిన్నర అయితే ఆమెది ఐదున్నర పెట్టండి. అతనిది రెండు అయితే ఆమెది ఆరు. అప్పుడు ఆమె షడ్జమం (‘స’) అతని పంచమం (‘ప’) మీద పడుతుంది. అతను ఆపిన నాదంలోంచే ఆమె ఎత్తుకోవచ్చు, చెవికి కుదుపు తెలియదు. మీ హార్మోనిస్టుకు ఈ మాట సగం చెబితే మిగతా సగం ఆయనే అందుకుంటాడు.

ఆ హార్మోనిస్టు దొరికాడా లేదా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. హాలు కంటే ముందు ఆయన్ను మాట్లాడుకోండి. హాలు ఇది కాకపోతే ఇంకోటి. పద్యానికి వాయించడం తెలిసిన హార్మోనిస్టులు మాత్రం తగ్గిపోతున్నారు. చివరి రెండు రిహార్సల్స్‌కు వస్తే చాలనుకోవద్దు, కనీసం ఐదారు సార్లు కూర్చోవాలి. స్టేజి మీద ఆయన్ను ఓ మూల తెర వెనక్కి నెట్టకండి. పాత్రధారి పెదవులు ఆయనకు కనపడాలి.

ట్రాక్ సంగతి ఇక్కడే తేలిపోతుంది. తాళం లేని పద్యాన్ని ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద పాడటం కుదరదు. ట్రాక్ ఆగదు, మనిషి ఆగుతాడు. ఒక రోజు ఊపు వచ్చి ఒక మాట మీద నిలబడాలనిపిస్తే హార్మోనిస్టు కూడా నిలబడతాడు, ట్రాక్ తన దారిన తను పోతుంది. కుర్రాళ్లకు ఇది తిట్టినట్టు కాకుండా చెప్పండి, వాళ్లకు చేతి నిండా పని ఇవ్వండి. పాత్రల ప్రవేశాలకు, సీను మారేటప్పుడు, విశ్వరూపం ఘట్టానికి కీబోర్డు, తబలా వాడుకోవచ్చు. లైటింగ్ మొత్తం వాళ్లకే అప్పజెప్పండి. మైకులు కూడా. విశ్వరూపం ఎలా చూపిస్తారో మీరే చెప్పండని వాళ్లనే అడగండి, వారం రోజులు ఇంకో గొడవ ఉండదు.

జనం లేచిపోతారన్న భయం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. రెండు గంటలు దాటితే లేస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు. పడక సీను, ద్రౌపది ఘట్టం, కౌరవ సభ, ఈ మూడూ చాలు. గంటన్నరలో తెర పడాలి. యుద్ధం జోలికి పోకండి. కొందరు పద్యాలను పక్కన స్క్రీన్ మీద వేయమంటారు. నాకు ఇష్టం లేదు. అక్షరాలు కనపడితే జనం వాటినే చదువుతారు, మీ కృష్ణుడి ముఖం ఎవరూ చూడరు. దాని బదులు ప్రతి సీనుకు ముందు ఎవరైనా వచ్చి నాలుగు మాటల్లో సందర్భం చెబితే సరిపోతుంది. వన్స్‌మోర్ అని అరిస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. నన్నడిగితే మొత్తం నాటకంలో ఒక్కసారి, అది కూడా పడక సీనులో. అధ్యక్షులవారి ముచ్చట తీరుతుంది.

డ్రెస్సులు, మేకప్ అద్దెకు ఇచ్చేవాళ్లు హైదరాబాద్‌లోనే దొరుకుతారు, దాని గురించి ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం చూసుకోండి. విగ్గు, దాని మీద కిరీటం, రెండూ చెవుల మీదికి దిగుతాయి. రిహార్సల్‌లో శ్రుతి తప్పనివాళ్లు స్టేజి ఎక్కాక తప్పడానికి అదొక కారణం, పాపం వాళ్లకు హార్మోనియం వినపడదు. పాత్రధారుల వైపు తిప్పి ఒక చిన్న స్పీకరు పెట్టించండి, అందులో హార్మోనియం మాత్రమే రావాలి. కనీసం ఒక్క రిహార్సల్ అయినా పూర్తి వేషంతో చేయండి. అంటించుకున్న మీసంతో ‘ప’ పలకడం ఎంత కష్టమో దుర్యోధనుడికి ఆ రోజే తెలియాలి.

అనుమతుల గురించి అడిగారు. తిరుపతి వేంకట కవుల్లో తర్వాత పోయినవారు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు, 1950లో. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. ఇద్దరు కలిసి రాస్తే తర్వాత పోయినవారి నుంచి లెక్క. అంటే 2010 చివరితో అయిపోయాయి. పాండవోద్యోగానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాకపోతే స్టేజి మీద చేతులు మారుతూ వచ్చిన ప్రతులను నమ్మకండి, వాటిలో ఇంకెవరెవరి పద్యాలో కలిసిపోయి ఉండొచ్చు. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. వచ్చే ఏడు హరిశ్చంద్ర వేద్దామన్న ఆలోచన మీకు రాక మానదు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు, ఆయన నాటకం స్వేచ్ఛగా వేసుకోవచ్చు. కానీ కాటి సీనులో అందరూ పాడే జాషువా గారి పద్యాలు వేరు. ఆయన 1971లో పోయారు. లెక్క ప్రకారం 2031 చివరి దాకా వాటికి హక్కులున్నట్టే. అయితే ఔత్సాహిక సంఘాలు టికెట్టు లేకుండా వేసే ప్రదర్శనలకు 1957 నాటి కాపీరైటు చట్టం, 52వ సెక్షన్‌లో మినహాయింపు ఇచ్చింది. టికెట్టు పెడితే ఆ మినహాయింపు పోతుంది. సినిమా రికార్డింగులు వాడటం మళ్లీ వేరే కథ. అవి రికార్డు కంపెనీల సొత్తు, వాటి జోలికి వెళ్లొద్దు.

హాలుకు అడ్వాన్సు ఇంకా కట్టకపోతే రెండు వారాలు ఆగండి. ముందు హార్మోనిస్టు, తర్వాత అధ్యక్షులవారింట్లో ఆ కాఫీ. ఒకటిన్నర శ్రుతి ఆయనకు నచ్చిన రోజే ఇద్దరు కృష్ణుల మాట కూడా ఎత్తండి, ఆ పూట ఆయన కాదనరు.